మా వీధి బడికి నిజంగా వందేళ్ళు నిండాయా? ఎలా తేల్చాలి?

వేపచెట్టు_కింద
మా వీధి చివర ప్రాథమిక పాఠశాల ఉంది. కృష్ణా డెల్టాలో మామూలు పల్లెటూరు. నేనూ, మా నాన్నా, మేనత్తలూ అందరం అక్కడే ఓనమాలు దిద్దాం. ఈ ఏడు శతజయంతి చేద్దామని పాత విద్యార్థులం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మూడో రోజుకే గొడవ మొదలైంది. గేటు మీద "స్థాపితం 1926" అని ఉంది. అది నాడు-నేడు (ప్రభుత్వ బళ్ళ బాగుచేత పథకం) పనులప్పుడు పెయింటర్ రాసింది, అంతకు ముందు లేదు. ఎవర్ని అడిగి రాశావయ్యా అంటే "ఎవరో తాతగారు చెప్పారండి" అన్నాడు. ఆ తాతగారు పోయి మూడేళ్ళయింది. మా పెదనాన్నేమో ఇంకా చాలా పాతదంటారు. ఇంకొకాయన అసలు స్వాతంత్ర్యం వచ్చాక కట్టిందంటాడు. కాగితం చూపిస్తేనే ఆహ్వాన పత్రికలో ఏడాది వేస్తానని హెడ్మాస్టరమ్మ తేల్చి చెప్పేశారు. ఆర్చికి చందాలు అప్పుడే మొదలయ్యాయి కూడా. ఎవరైనా ఇలాంటిది తేల్చారా? ఎక్కడ వెతకాలి?

చింతబరికె
మన ఊళ్ళల్లో చరిత్ర రాసేది పెయింటర్లే. మా బడి గోడ మీద గాంధీగారు పుట్టిన ఏడాది తప్పు రాస్తే పదేళ్ళు అలాగే ఉంది. అందరం పరీక్షలో అదే రాశాం, మార్కులు కూడా పడ్డాయి.

రెండోబెంచీ
ఏడాది సంగతి సరే, ఇప్పుడు పిల్లలు ఎంతమంది?

వేపచెట్టు_కింద
19 మంది. ఒక్కరే టీచర్. అది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇది.

రెండోబెంచీ
అదే ముందు అంటున్నా నేను.

బడిపంతులు_రిటైర్డ్
అమ్మా, గోడలు చూసి లాభం లేదు, రబ్బరు స్టాంపులు చూడండి. బడి ఎవరి చేతిలో ఉందో స్టాంపే చెబుతుంది. "తాలూకా బోర్డు ఎలిమెంటరీ స్కూల్" అని కనబడిందా, అది 1934కి ముందుది. ఆ ఏడు తాలూకా బోర్డులు తీసేశారు. ఆ తర్వాత జిల్లా బోర్డు. 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి, స్టాంపు మళ్ళీ మారింది. 1985లో మండలాలు వచ్చాక, కొన్నాళ్ళకి "మండల ప్రజా పరిషత్ ప్రాథమిక పాఠశాల" అయింది. నేను సర్వీసులో చేరినప్పుడు సమితి బడి, రిటైరైనప్పుడు మండల పరిషత్ బడి. బడి మాత్రం అదే, కారే చోట కారుతూనే ఉంది.

అడ్మిషన్ రిజిస్టర్ శాశ్వత రికార్డు, దాన్ని పారేయకూడదు. హాజరు పట్టీలకు అంత భాగ్యం లేదు. రిజిస్టర్లో మొదటి పేజీలు చిరిగి ఉంటాయి, అది మామూలే. కానీ అడ్మిషన్ నంబర్లు వరుసగా నడుస్తాయి కాబట్టి, దొరికిన మొదటి నంబరు ఎంతో చూడండి. 9 అయితే ఒక లెక్క, 300 అయితే ఇంకో లెక్క. ఒక్క జాగ్రత్త, కొందరు హెడ్మాస్టర్లు కొత్త పుస్తకం రాగానే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేవారు. పాత పుస్తకం చెదలకి పోతే మరీను.

ఇంకో మాట. "స్థాపితం" అంటే ఏది? పంతులుగారు అరుగు మీద నలుగురు పిల్లల్ని కూచోబెట్టుకున్న రోజా, బోర్డు దాన్ని తీసుకుని జీతం ఇచ్చిన రోజా, పెంకుటిల్లు లేచిన రోజా? మీ వాట్సాప్ గొడవలో ముగ్గురూ కరెక్టే అయ్యుండొచ్చు.

వేపచెట్టు_కింద
మాస్టారూ, ఇది మాకెవరికీ తట్టలేదు. మా పెదనాన్న చెప్పేది అరుగు బడి సంగతే అయ్యుంటుంది. ఫలానా వారి అరుగు అని ఇంటి పేరుతో సహా చెబుతారు.

గొలుసు_సర్వేయర్
స్థలం వైపు నుంచి కూడా రండి. ఆర్‌ఎస్‌ఆర్‌లో (రెవెన్యూ వాళ్ళ పాత భూముల రిజిస్టర్లో) సర్వే నంబరు ఎదురుగా రిమార్కుల్లో బడి పేరు ఉంటే పని సులువు. కానీ పాత బళ్ళు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళ స్థలంలో ఉంటాయి. గ్రామకంఠం మొత్తానికి ఒకే నంబరు వేసి వదిలేశారు, లోపల ఏ ఇల్లు ఎవరిదో, బడి ఏదో కొలవలేదు. అప్పుడు మిగిలింది దానపత్రం. ఎవరైనా స్థలం ఇచ్చారని చెప్పుకుంటుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ ఇంటి పేరుతో వెతికించండి. నోటిమాటగా ఇచ్చినవి బోలెడు. వాళ్ళ మనవలే ఇప్పుడు "ఆ మూల మాది" అని వస్తారు. శతజయంతి కంటే ముందు హద్దులు కొలిపించుకోండి, నవ్వులాటకి చెప్పట్లేదు.

చింతబరికె
ఆర్చి కట్టాక తెలుస్తుంది, ఆర్చి ఒక కాలు పక్కింటి వాళ్ళ పెరట్లో ఉందని.

ఓరుగల్లు_చిన్నది
మా దిక్కు ఇంకో తమాషా. మా తాత చదివిన బడి కాగితం ఒకటి దొరికింది, ఉర్దూలో ఉంది, ఏడాది 1345 అని. మా బావ ఫేస్‌బుక్‌లో పెట్టిండు, "మన ఊరి బడికి దాదాపు ఏడు వందల ఏండ్లు" అని. లైకులే లైకులు! అది ఫసలీ, నిజాం కాలపు సర్కారు కేలండర్. 590 కలుపుకోవాలె, అంటే 1935 చిల్లర. నిజాం కాలంలో ప్రైమరీని తహ్తానియా అనేటోళ్ళు, మిడిల్‌ని వస్తానియా, హైస్కూల్‌ని ఫౌఖానియా. మా ఊర్ల ముసలోళ్ళు ఇప్పటికీ "నేను వస్తానియా దాకా చదివిన" అంటరు. తెలంగాణ వాళ్ళు ఎవరన్నా ఇట్ల వెతుకుతుంటే ముందు కేలండర్ సరి చూసుకోండి.

చింతబరికె
కాకతీయుల తర్వాతి బ్యాచ్ అన్నమాట మీ తాతగారిది. గోడకుర్చీ వేయించింది ముసునూరి నాయకులా?

అనంత_సీమ
అరుగు బళ్ళ మాట వచ్చింది కాబట్టి. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరినీ ఊళ్ళల్లో బళ్ళు లెక్కపెట్టమన్నాడు. 1826లో ఆయన రాసిన మినిట్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి 12,498 బళ్ళు తేలాయి. అంటే ఇంగ్లీషు వాళ్ళు బోర్డులు పెట్టక ముందే వీధి బడి ఉంది, పంతులుకి ఊరే ధాన్యమో దుడ్డో ఇచ్చుకునేది. బళ్ళారి కలెక్టర్ క్యాంబెల్ 1823లో పంపిన రిపోర్టు ఇంకా బాగుంటుంది. అప్పటి బళ్ళారి జిల్లాలో మా అనంతపురం కూడా కలిసే ఉండేది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, ముందున్నవాడు వెనకున్నవాడికి నేర్పడం, అన్నీ రాశాడు. జనం పేదరికంలో పడి పిల్లల్ని బడికి పంపలేకపోతున్నారని కూడా రాశాడు.

కాబట్టి వేపచెట్టు అక్కా, మీ ఊరి బడికి రెండొందల ఏళ్ళు అన్నా నేను ఆశ్చర్యపోను. కాగితం ఉండదు, అంతే.

పేట_కుర్రాడు
ఈ చర్చంతా చదివా. "ఊరి బడి", "ఊరే పోషించింది" అని ప్రతి ఒక్కరూ రాస్తున్నారు. ఏ ఊరు? మా జేజి తాత ఆ అరుగు ఎక్కగలిగాడా? అరుగు బడిలో మా వాళ్ళు లేరు. బోర్డు బడి వచ్చాక కూడా చాలా చోట్ల బయట వరండాలో కూచోబెట్టారు. 1920ల నుంచి మద్రాసు ప్రభుత్వం లేబర్ డిపార్ట్‌మెంట్ తరఫున విడిగా బళ్ళు పెట్టింది, మా పెద్దవాళ్ళు "లేబర్ స్కూలు" అనేవారు. తర్వాత అదే హరిజన పాఠశాల. మా ఊళ్ళో అలా రెండు బళ్ళు, మధ్యలో ఒక కాలవ. ఊరి బడికి శతజయంతి చేశారు, పేట బడి గోడలు కూలి జిల్లేళ్ళు మొలిచాయి. దాని పుట్టినరోజు ఎవరికీ గుర్తు లేదు.

రెండోబెంచీ
పాత గాయాలు ఇప్పుడెందుకు తమ్ముడూ. ఏదో మంచి పని చేస్తున్నారు, చేయనివ్వండి.

పేట_కుర్రాడు
మీరే కదా అన్నా ఏడాది ఏదైతే ఏంటి అన్నారు. చరిత్ర కావాలని అడిగింది వాళ్ళు. అడిగినప్పుడు మొత్తం చెప్పాలిగా.

అనంత_సీమ
తమ్ముడు చెప్పింది సరైనదే. నేను పైన సగమే రాశా. అదే క్యాంబెల్ లెక్కలో 533 బళ్ళల్లో 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది.

గర్ల్స్‌స్కూల్_వీధి
ఆ 60 చూసి ఆగిపోయా. అంటే దాదాపు తొమ్మిది బళ్ళకి ఒక్క ఆడపిల్ల. వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. ఈ మధ్యలో యాభై ఏళ్ళు.

మా వీధి పేరు ఇప్పటికీ గర్ల్స్ స్కూల్ వీధి. బడి మాత్రం లేదు, ఎప్పుడో అబ్బాయిల బడిలో కలిపేశారు. ఆ స్థలంలో ఇప్పుడు సెల్ టవర్ ఉంది. మా అమ్మమ్మ అక్కడ మూడు దాకా చదివింది. టీచరమ్మ రోజూ ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగు చేసుకుని తీసుకెళ్ళేదట, వెనకాల ఆయా. మా అమ్మమ్మ చేత్తో పేడ తట్ట పట్టుకుని ఉంటే తట్ట దింపించి మరీ లాక్కెళ్ళిందని చెప్పేది. చివరి దాకా సంతకం పెట్టింది, వేలిముద్ర వేయలేదు. పెన్షన్ పుస్తకంలో ఆ సంతకం చూపించి గర్వపడేది. అక్కా, మీ రిజిస్టర్ దొరికితే ఆడపిల్లల పేర్లు ఎప్పటి నుంచి ఉన్నాయో చూడండి, చెప్పండి.

వేపచెట్టు_కింద
చూస్తా. తప్పకుండా చెబుతా. హెడ్మాస్టరమ్మ గదిలో తాళం పోయిన ట్రంకు పెట్టె ఒకటి ఉందట. శనివారం వెళ్తున్నా.

చింతబరికె
పెట్టె తెరిచేటప్పుడు కాస్త దూరంగా నిలబడండి. మా బడి పెట్టెలో రికార్డుల కంటే ఎలుకల వంశవృక్షం పెద్దది.

ఏకోపాధ్యాయిని
నేను ప్రస్తుతం ఇలాంటి బడిలోనే పని చేస్తున్నా. ఒక్కదాన్నే, ఐదు తరగతులు. ఒకటో తరగతికి అచ్చులు దిద్దిస్తూ ఐదో తరగతికి భాగహారం చెప్పాలి. మధ్యలో మధ్యాహ్న భోజనం ఫోటో, హాజరు యాప్. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. ఒకటి నుంచి ఐదు వరకు బడి కిలోమీటరు లోపు ఉండాలి. 2022లో 117 జీవో వచ్చినప్పుడు మా మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూల్‌కి పంపేశారు. చిన్నపిల్లలు రోడ్డు దాటాల్సి వచ్చింది, కొందరు అసలు వెళ్ళడమే మానేశారు. 2025లో ఆ జీవో పోయింది, మా దగ్గర తరగతులు తిరిగొచ్చాయి. కానీ వెళ్ళిన పిల్లలందరూ తిరిగి రాలేదు.

పాత విద్యార్థులు వస్తే సంతోషమే. వస్తారు, సెల్ఫీ దిగుతారు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. "మా రోజుల్లో" అని గంటసేపు మాట్లాడతారు. ఎండలో కూచున్నది పిల్లలు. ఇంకో సంగతి. బడి ఆవరణలో ఏం కట్టాలన్నా ముందు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ముందు పెట్టాలి. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు ఇప్పుడు చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మీ వాట్సాప్ గ్రూపులో వాళ్ళు ఎంతమంది ఉన్నారు?

వేపచెట్టు_కింద
ఇప్పుడే చూశా. 143 మంది ఉన్నాం. ఆ తల్లిదండ్రులు ఒక్కరూ లేరు.

రెండోబెంచీ
ఇంకో లెక్క కూడా చెప్పండి. ఆ 143 మందిలో తమ పిల్లల్ని ఆ బడికి పంపేవాళ్ళు?

వేపచెట్టు_కింద
సున్నా. నన్నూ కలిపి.

రెండోబెంచీ
నేనూ అంతే లెండి. మా వాడిని పసుపు బస్సు ఎక్కించి పంపేది నేనే. అందుకే ఆర్చి అంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

బడిపంతులు_రిటైర్డ్
ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, కానీ దాచుకోవాల్సింది కూడా లేదు. ఊరు బడిని చూసుకోవడం అనేది పూర్వం గొప్ప మనసు వల్ల మాత్రమే జరగలేదు. తమ పిల్లలు ఆ కప్పు కింద ఉన్నారు కాబట్టి కప్పు కారితే తెలిసేది. నా మొదటి పోస్టింగు తాటాకుల షెడ్డు. ఏటా వేసవిలో ఒక రోజు పెట్టుకుని ఎవరి వంతు తాటాకులు వాళ్ళు తెచ్చేవారు. నేసేవాడికి కూలీ ఊరిదే. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలైంది. ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు అన్నారు. మాకు పక్కా గది వచ్చింది. మంచిదే. అప్పటి నుంచి తాటాకు రోజు పోయింది. కారినా "గవర్నమెంటు చూసుకుంటుందిలే మాస్టారూ" అనడం మొదలైంది.

పేట_కుర్రాడు
మాస్టారూ, ఆ తాటాకు రోజున మా వాళ్ళు కూడా వచ్చేవారా?

బడిపంతులు_రిటైర్డ్
వచ్చేవారు బాబూ. తాటాకులు కొట్టి మోసుకొచ్చింది ఎక్కువగా వాళ్ళే. భోజనాల దగ్గర మాత్రం రెండు పంక్తులు. నేను చూశాను, నోరు తెరవలేదు. కొత్త ఉద్యోగం, ఇరవై రెండేళ్ళ వయసు. అది నా మీద ఉంది.

పేట_కుర్రాడు
ఒప్పుకున్నారు, అది చాలు మాస్టారూ.

చింతబరికె
వాతావరణం బరువైంది, ఒక చిన్న ప్రశ్న. ఇక్కడ ఎంతమంది పుట్టినరోజు జూలై 1? మా క్లాసులో 31 మందిలో 20 మందిది అదే. ఫేస్‌బుక్ ఆ రోజు మా ఊరిని చూసి భయపడుతుంది.

ఓరుగల్లు_చిన్నది
నాది జూన్ 10. మా అన్నది జూన్ 10. మా చెల్లెది కూడా. మా అమ్మను అడిగితే "సారు మంచోడు, అందరికీ ఒక్కటే రాసిండు" అన్నది.

బడిపంతులు_రిటైర్డ్
ఆ పాపంలో నాకూ వాటా ఉంది. ఏం చేయమంటారు? చేర్చుకునే నాటికి ఐదేళ్ళు నిండాలి. తల్లిని అడిగితే "కృష్ణా పుష్కరాలకి పాకుతున్నాడండి" అంటుంది. పుష్కరాలు 1980లో, సరే, 1979 వేశాను. ఇంకొకావిడ "దివిసీమ ఉప్పెనకి కడుపులో ఉన్నాడు" అంది. ఉప్పెన 1977 నవంబర్ 19. వాడికి 1978 వేశాను, అదొక్కటే కాస్త నిజానికి దగ్గర. ఆ ఉప్పెనలో తీరం వైపు బళ్ళ రికార్డులు ఎన్ని కొట్టుకుపోయాయో. వేపచెట్టు అమ్మాయిగారి ఊరు ఆ వైపయితే పెట్టె మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

వేపచెట్టు_కింద
కాస్త ఎగువన మాస్టారూ. నీళ్ళు వచ్చాయి కానీ మోకాలి లోతే. మా ఊరి బడిలోనే నెల్లాళ్ళు జనం తలదాచుకున్నారని నాన్న చెప్పేవారు. పలకల అటక మీద పసిపిల్లల్ని పడుకోబెట్టారట.

గొలుసు_సర్వేయర్
ఇది రాయండి ఆహ్వాన పత్రికలో. ఏడాది కంటే ఇది బాగుంది.

వేపచెట్టు_కింద
వెళ్ళొచ్చా. వివరంగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

పెట్టెలో పైన కేర్ అనే సాయం చేసే సంస్థ వాళ్ళ గోధుమ రవ్వ ఖాళీ సంచులు. మా నాన్న ఆ ఉప్మా గురించి ఎప్పుడూ చెబుతుంటారు. వాటి కింద ఒక పటం, రెండు రిజిస్టర్లు. పటం వెనక గుండ్రటి స్టాంపు, చెరిగింది కానీ "తాలూకా బోర్డు" వరకు చదవొచ్చు. కాబట్టి 1934 కంటే ముందే బోర్డు బడి అన్నది ఖాయం. మాస్టారూ, మీరన్నట్టే రిజిస్టర్ మొదటి పేజీలు లేవు. మిగిలిన మొదటి నంబరు 87, తేదీ 1931. ఏడాదికి పదిహేను మందో ఇరవై మందో చేరుతుంటే వెనక్కి లెక్కేసుకుంటే 1926 దగ్గరికే వస్తుంది. ఆ పోయిన తాతగారు ఊరికే చెప్పలేదేమో. అయితే రుజువు మాత్రం కాదు.

ఆడపిల్లలు: ఆ రిజిస్టర్లో మొదటి పేరు 112వ నంబరు. మా నాన్నగారి మేనత్త! చేరింది, పద్నాలుగు నెలలకి మానేసింది. "విడిచిన కారణం" గడిలో ఒకటే మాట, "పెండ్లి".

రెండో రిజిస్టర్ 1960ల నాటిది. ఒకే రోజున 22 మంది చేరారు, వరుసగా, ఒకే చేతిరాత. "ఇంతకు ముందు చదివిన పాఠశాల" గడిలో అందరికీ "హరిజన పాఠశాల" అని ఉంది. మా ఊళ్ళో రెండో బడి ఉండేదని నాకు ఆ గడి చూసేదాకా తెలియదు. నాన్నని అడిగితే "అవును, చెరువు గట్టు దగ్గర" అన్నారు, ఏదో మామూలు విషయంలాగా.

పేట_కుర్రాడు
ఆ పేజీ ఫోటో తీసి మీ గ్రూపులో పెట్టారా?

వేపచెట్టు_కింద
పెట్టా. పేర్లు కనబడకుండా. గంటసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఎవరో "గుడ్ మార్నింగ్" పువ్వు పెట్టారు. రాత్రికి పేట నుంచి ఒకాయన ఫోన్ చేశారు, రిటైర్డ్ రైల్వే ఉద్యోగి. ఆ 22లో తాను ఒకడినన్నారు. ఆయన్ని గ్రూపులో చేర్చాం. ఆయన తెలిసినవాళ్ళని ఇంకో ఆరుగుర్ని చేర్చారు.

గర్ల్స్‌స్కూల్_వీధి
112వ నంబరు ఆవిడ ఫోటో ఏదైనా ఉందా?

వేపచెట్టు_కింద
లేదు. పెళ్ళి ఫోటో కూడా తీయలేదట.

ఏకోపాధ్యాయిని
మరి కమిటీ?

వేపచెట్టు_కింద
ఆదివారం కూచున్నాం. తల్లులు తొమ్మిది మంది వచ్చారు, పనికి పోయి వచ్చి, రాత్రి ఏడింటికి. ఆర్చి గురించి మావాడొకడు ప్లాన్ కాగితం పరిచి పది నిమిషాలు చెప్పాడు. అంతా విని ఒకావిడ "బాగుందండీ, కాలవ వైపు గోడ ఎప్పుడు కడతారు?" అంది. ఆ వైపు ప్రహరీ లేదన్న సంగతి మా 150 మందిలో ఒక్కరికీ గుర్తు లేదు. మేం చదివినప్పుడూ లేదు మరి. చందా డబ్బు గోడకి పోతోంది. ఆర్చి కావాలన్న ఇద్దరు అలిగారు, ఒకాయన తన పదివేలు వెనక్కి అడిగాడు, ఇచ్చేశాం.

రెండోబెంచీ
ఆ పదివేలు నా పేరున రాసుకోండి. మీ ఊరితో నాకేం సంబంధం లేదు, అయినా సరే. నంబరు మెసేజ్ చేయండి.

బడిపంతులు_రిటైర్డ్
అమ్మా, ఆ రిజిస్టర్లకి వేపాకు పెట్టి బట్టలో చుట్టించండి. సంచుల కింద మళ్ళీ పెట్టొద్దు.

చింతబరికె
అన్నీ అయ్యాయి గానీ, గేటు మీద 1926 సంగతి?

వేపచెట్టు_కింద
ముందు "సుమారు" అని చేర్చమన్నాం. పెయింటర్ వచ్చి కొలిచి, అంత మాట పట్టదు, కావాలంటే 1926 చెరిపి "పాతది" అని రాస్తానంటున్నాడు.